పక్కింటి గోడ, యాభై వాట్ల యాంప్

పేరు వద్దన్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. తమ్ముడితో కలిసి చిన్న వాటాలో ఉంటున్నారు. పక్క వాటాకీ వీళ్లకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకు అవతల ఒక పెద్దావిడ మంచం. ఈయన దగ్గర 50 వాట్ల ట్యూబ్ యాంప్ హెడ్డు (స్పీకర్ లేని యాంప్), రెండు 12 అంగుళాల స్పీకర్ల క్యాబ్ (స్పీకర్ పెట్టె) ఉన్నాయి. గిటార్ డ్రాప్ సి ట్యూనింగ్, అంటే ఆరో తీగను సి స్వరం దాకా దించారు. ఆరు మెటల్ పాటలకు రిథమ్ గిటార్లు రికార్డు చేయాలి, పాటకు నాలుగు ట్రాకులు.

ఇప్పటిదాకా చేసినవన్నీ వరసగా రాశారు. గోడ నిండా రెండంగుళాల ఫోమ్ అంటించారు, తేడా లేదు. మాస్టర్ వాల్యూమ్ ఒకటి దగ్గర పెడితే టోన్ డబ్బాలో దోమలా ఉంది. బేస్ ఎనిమిదికి, రెజొనెన్స్ (పవర్ విభాగంలో కింది దరువుని పెంచే నాబ్) పూర్తిగా పెంచితే కాస్త నయమనిపించింది. ఎఫెక్ట్స్ లూప్‌లో సిగ్నల్ బయటికొచ్చే సెండ్ జాక్ నుంచి నేరుగా, గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌కిస్తే కందిరీగల తుట్టె కదిలినట్టు రొద. ఒక రోజు హెడ్డునీ క్యాబ్‌నీ కలిపి దుప్పట్లు కప్పి వాయించారు. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి వరండాలో కొలిస్తే 48 చూపించింది. అయినా పెద్దావిడ రెండుసార్లు తలుపు తట్టారు. రెండోసారి ఆవిడ అన్నది: "బాబూ, పాటేమీ వినబడదు. పడుకుంటే గుండెల మీద ఎవరో గుద్దుతున్నట్టుంటుంది." ఆవిడ కాస్త ఎక్కువ చేసి చెబుతున్నారేమోనని ఈయన అనుమానం. యాంప్ అమ్మేసి ప్లగిన్లకు (కంప్యూటర్‌లో యాంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) పోవాలా, ఒక వాట్ యాంప్ కొనాలా, గోడకు ఇంకో గోడ కట్టించాలా, లేక క్యాబ్ పీకేసి సెండ్ నుంచే కానిచ్చేయొచ్చా అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, దాని మీద మీ యాంప్ ప్రాణం ఆధారపడి ఉంది. క్యాబ్ పీకేసి ట్యూబ్ యాంప్ వాయించకండి. సెండ్‌లో జాక్ పెట్టినా చాలా యాంపుల్లో సిగ్నల్ పవర్ ట్యూబులకు వెళ్తూనే ఉంటుంది. సిగ్నల్ తిరిగి లోపలికెళ్లే రిటర్న్‌లో జాక్ పెడితేనే ఆ దారి తెగుతుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల స్పీకర్ లేకపోతే ఆ శక్తికి పోయే చోటుండదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగదన్ని, ట్యూబ్ సాకెట్లలో నిప్పురవ్వలు లేస్తాయి, లేదా చుట్ట లోపలి ఇన్సులేషన్ కాలిపోతుంది. సెండ్ నుంచి రికార్డు చేయడం తప్పు కాదు, క్యాబో, స్పీకర్‌కి బదులు ఆ శక్తిని పీల్చుకునే లోడ్ బాక్సో తగిలించి ఉంటే చాలు. దుప్పట్ల సంగతి కూడా ఇక్కడే: హెడ్డు మీద ఎప్పుడూ ఏమీ కప్పకండి. ట్యూబులకు గాలి ఆడాలి. క్యాబ్ మీద కప్పితే ప్రమాదం లేదు, లాభం కూడా లేదు. హైస్ (సన్నటి పైశబ్దాలు) మాత్రమే మందగిస్తాయి, ఆవిడకు అందే గుద్దు అలాగే ఉంటుంది.

ఆ గుద్దు గురించి. పెద్దావిడ చెప్పింది అక్షరాలా నిజం. నిజానికి మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే కొలత ఆవిడ మాటే. పాట వినబడకుండా గుద్దు మాత్రమే తెలుస్తోందంటే, మీ గోడ మిడ్స్‌నీ (మధ్య శబ్దాలు) హైస్‌నీ ఆపుతోంది, 80 నుంచి 160 హెర్ట్జ్ వరకు ఉన్న పామ్ మ్యూట్ (అరచేతితో తీగల్ని అదిమి కొట్టే) దెబ్బను వదిలేస్తోంది. ఫోన్ యాప్ 48 అని ఎందుకు చూపించిందంటే, అలాంటి యాప్‌లు మామూలుగా ఏ-వెయిటింగ్‌లో కొలుస్తాయి. ఆ పద్ధతిలో 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్, 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ తీసేసి చూపిస్తారు. అంటే మీ సమస్య ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఆ యాప్ కళ్లు మూసుకుంటుంది. పైగా మీరు కొలిచింది వరండాలో. బరువైన కింది శబ్దం, అంటే లోస్, గది మధ్యలో కన్నా గోడల దగ్గర, మూలల్లో పేరుకుంటుంది. గోడకు ఆనించిన మంచం మీద తల పెట్టిన మనిషికి అది అన్నిచోట్లకన్నా ఎక్కువ తగులుతుంది. యాప్‌లో లోస్‌ని అంతగా తీసేయని సీ-వెయిటింగ్ ఎంచుకునే వీలుంటే అందులో పెట్టి చూడండి, అంకె ఎంత పైకి లేస్తుందో మీకే తెలుస్తుంది.

ఈ గుద్దులో కొంత భాగం మీరు చేతులారా పెంచిందే. తక్కువ వాల్యూమ్‌లో మన చెవి లోస్‌ని సరిగా పట్టదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. మాస్టర్ ఒకటి దగ్గర పెట్టగానే మీకు టోన్ పలచగా అనిపించింది, దాన్ని సరిచేయడానికి బేస్ ఎనిమిదికీ, రెజొనెన్స్ చివరికీ తిప్పారు. మీ చెవికి కాస్త నయమైంది, గోడకు అవతల నరకమైంది. మైక్‌కి ఈ చెవి లోపం లేదు. చిన్న వాల్యూమ్‌లో పలచగా వినబడ్డ టోన్‌నే రికార్డు చేసి, తర్వాత హెడ్‌ఫోన్స్‌లో తగినంత వాల్యూమ్‌తో వినండి. చాలావరకు నిండుగానే ఉంటుంది. కాబట్టి ఇకనుంచి గదిలో వినబడే శబ్దాన్ని బట్టి నాబ్‌లు తిప్పకండి. మైక్ నుంచి వచ్చేదాన్ని క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో వింటూ తిప్పండి. మొదట బేస్ నాలుగుకు, రెజొనెన్స్ మూడుకు దించండి.

ఫోమ్, గోడ విషయం త్వరగా తేల్చేద్దాం. ఫోమ్ పని గదిలో ప్రతిధ్వని తగ్గించడం. రెండంగుళాల ఫోమ్ దాదాపు 500 హెర్ట్జ్ పైన మాత్రమే బాగా పీలుస్తుంది. మీ ఆరో తీగ సి స్వరం 65 హెర్ట్జ్, దాని తరంగం పొడవు ఐదు మీటర్ల పైమాటే. శబ్దాన్ని ఆపేది బరువు. అందులోనూ గోడ బరువు రెట్టింపు చేస్తే దక్కేది ఐదారు డెసిబెల్సే. రెండో గోడ కడితే అది మొదటి గోడకు ఎక్కడా తగలకూడదు, అయినా నేల స్లాబూ కప్పూ ఆ దరువుని మోసుకెళ్తూనే ఉంటాయి. వాటినీ విడదీయాలంటే గదిలో గది కట్టినట్టే. స్విచ్ బోర్డు కన్నాలూ తలుపు కింది సందూ కలిపి వైశాల్యంలో నూటికి ఒక వంతున్నా, మిగతా గోడ ఎంత మందమైనా 20 డెసిబెల్స్ మించి ఆగదు. ఆరు పాటల కోసం ఆ పని పెట్టుకోవద్దనే నా సలహా.

మరి వాట్లు తగ్గిస్తే? మీ ఉత్తరంలో ఒక వాట్ యాంప్ కొందామా అన్న ఆలోచన కూడా కనిపించింది. మెటల్‌కి బాగా వాడే సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ వస్తుంది. 50 వాట్లకు 117, అర వాట్‌కి 97. అంటే వంద రెట్లు తగ్గించినా పోయింది 20 డెసిబెల్సే, చెవికి అది సుమారు నాలుగో వంతు. ఒక వాట్ యాంప్ కూడా ఉమ్మడి గోడ ఇంట్లో పెద్ద శబ్దమే. పైగా మీ రకం సంగీతంలో డిస్టార్షన్ ప్రధానంగా పుట్టేది పవర్ ట్యూబులకు ముందుండే ప్రీయాంప్‌లో, 12ఏఎక్స్7 ట్యూబుల్లో. పవర్ ట్యూబులను చివరిదాకా తోలాల్సిన అవసరం లేదు. ఇది మీకు కలిసొచ్చే విషయం. పాతకాలపు రాక్ టోన్ కావాలనుకునేవాళ్లకు ఈ అదృష్టం లేదు.

ఇక దారులు. మొదటిది లోడ్ బాక్స్. క్యాబ్ స్థానంలో దీన్ని తగిలిస్తారు, యాంప్ దాన్నే స్పీకర్ అనుకుంటుంది, గదిలో తీగ చప్పుడు తప్ప ఏమీ వినబడదు. రియాక్టివ్ రకమే తీసుకోండి. నిజమైన స్పీకర్ ఇంపిడెన్స్ (కరెంటుకు పెట్టే అడ్డు) అన్ని శ్రుతుల దగ్గరా ఒకేలా ఉండదు. కింద 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక గుట్ట, పైన హైస్ వైపు ఒక ఎగుడు ఉంటాయి. పామ్ మ్యూట్‌లో ఆ ఉబ్బూ, పిక్ అంచులో ఆ పదునూ కొంతవరకు దానివల్లే. మామూలు రెసిస్టర్ లోడ్‌కి ఈ గుణం లేదు, చప్పగా ఉంటుంది. టూ నోట్స్ కాప్టర్ ఎక్స్, సుర్ రియాక్టివ్ లోడ్, యూనివర్సల్ ఆడియో ఆక్స్ లాంటివి ఈ పనికే ఉన్నాయి. కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. యాంప్ వాట్లకన్నా దాని సామర్థ్యం ఎక్కువుండాలి. 8 ఓమ్స్ లోడ్ అయితే యాంప్‌లో 8 ఓమ్స్ జాక్‌లోనే పెట్టాలి. మధ్యలో వేసేది స్పీకర్ కేబుల్ కావాలి. గిటార్ కేబుల్ చూడటానికి అలాగే ఉంటుంది కానీ లోపలి తీగ సన్నం, వేడెక్కి తెగితే మళ్లీ లోడ్ లేని యాంపే. మాస్టర్ మూడు నాలుగు చాలు. శబ్దం లేదు కదా అని పదికి తిప్పితే ట్యూబుల ఆయుష్షు తరుగుతుంది.

లోడ్ బాక్స్ తర్వాత ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్, అంటే ఒక క్యాబ్, మైక్ స్వభావాన్ని పట్టిన ఫైలు) తప్పనిసరి. మీ కందిరీగల రొదకు కారణం ఇదే. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక నిటారుగా పడిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే పైశబ్దాలను అది మింగేయబట్టే మనకు గిటార్ గిటార్‌లా వినబడుతుంది. సెండ్ నుంచి తీసినప్పుడు మధ్యలో స్పీకర్ లేదు, ఆ ముళ్లన్నీ నేరుగా ట్రాకులోకి వచ్చాయి. ఆ రికార్డింగ్ చెరిపేయకండి. నాడిర్ అనే ఉచిత ఐఆర్ లోడర్‌ని ఆ ట్రాకు మీద వేసి, ఒక 4x12 (నాలుగు 12 అంగుళాల స్పీకర్ల) క్యాబ్ ఐఆర్ పెట్టి ఈ రాత్రే వినండి. పవర్ విభాగం దాటలేదు కాబట్టి రెజొనెన్స్, ప్రెజెన్స్ నాబ్‌ల ప్రభావం ఉండదు, అయినా ఎంత మారిపోతుందో చూస్తారు. ఒక జాగ్రత్త. లోడ్ బాక్స్‌లో క్యాబ్ సిమ్ (క్యాబ్ అనుకరణ) ఆన్‌లో ఉండి, సాఫ్ట్‌వేర్‌లో ఇంకో ఐఆర్ కూడా వేస్తే నోటికి గుడ్డ కట్టినట్టు ఉంటుంది. రెండింటిలో ఒకటే ఉండాలి. వందల ఐఆర్‌లు వెతుకుతూ రాత్రులు పోగొట్టుకోవద్దు. మూడు ఎంచుకోండి, వాల్యూమ్‌లు సమం చేయండి, డ్రమ్స్ బేస్ ఆడుతుండగా వినండి. విడిగా విన్నప్పుడు గొప్పగా ఉన్నది మిక్స్‌లో తరచూ మాయమవుతుంది.

ఈ దారిలో పోయేది ఒకటుంది. స్పీకర్ ముందు నిలబడితే తీగ తనంతట తాను మోగుతూ ఉండే ఆ ఫీడ్‌బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో రాదు. బిగించి వాయించే రిథమ్‌కి అది పెద్ద లోటు కాదు. సోలోలకు తెలుస్తుంది.

రెండో దారి రీయాంపింగ్. మీరు నిజమైన క్యాబ్, నిజమైన మైక్ కోరుకుంటున్నట్టు ఉత్తరమంతా కనబడుతోంది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను. ఇందులో వాయించే సమయాన్నీ మోత సమయాన్నీ విడదీస్తారు. రాత్రి పూట గిటార్‌ని ఇంటర్‌ఫేస్‌లోని హై-జెడ్ (గిటార్ కోసమే ఉన్న) ఇన్‌పుట్‌కి ఇచ్చి, ప్లగిన్‌తో వింటూ, యాంప్ దాటని శుభ్రమైన గిటార్ సిగ్నల్ (డీఐ) మాత్రమే రికార్డు చేస్తారు. గట్టిగా కొట్టినప్పుడు పీక్స్ మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. 24 బిట్‌లో ఎర్ర గీత అంచుకు నెట్టాల్సిన పని లేదు. బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పట్టే శబ్దం ముక్క) 64 లేదా 128 శాంపిల్స్‌కి తగ్గిస్తే వేలికీ చెవికీ మధ్య ఆలస్యం ఇబ్బంది పెట్టదు. తప్పులు, మళ్లీ మళ్లీ టేకులు, తీగ మార్చడాలు అన్నీ ఇక్కడే నిశ్శబ్దంగా అయిపోతాయి. తర్వాత ఆ ట్రాకుల్ని ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి రీయాంప్ బాక్స్ (లైన్ సిగ్నల్‌ని గిటార్ సిగ్నల్ స్థాయికి దించే పెట్టె) ద్వారా యాంప్‌లోకి పంపి, క్యాబ్ ముందు మైక్ పెట్టి రికార్డు చేస్తారు. ఆ బాక్స్ లేకుండా నేరుగా ఇవ్వకండి. లైన్ లెవెల్ గిటార్ కన్నా చాలా ఎక్కువ, ఇంపిడెన్స్ కూడా కుదరదు. హమ్ వస్తే బాక్స్ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. కరెంటు ప్లగ్గులోని ఎర్త్ పిన్నును మాత్రం ఎన్నడూ తీయొద్దు. లోపల నాలుగైదు వందల వోల్టులున్న పెట్టె అది.

లెవెల్ కుదర్చడానికి ఇలా చేయండి. గిటార్‌ని మామూలుగా యాంప్‌లో పెట్టి ఒక రిఫ్ వాయించి మైక్‌తో రికార్డు చేయండి. అదే రిఫ్‌ డీఐని రీయాంప్ బాక్స్ ద్వారా పంపి, రెండూ ఒకే గెయిన్‌తో (డిస్టార్షన్ మోతాదుతో) వినబడేదాకా బాక్స్ లెవెల్ సర్దండి. ఇది వదిలేస్తే గెయిన్ తక్కువై పాట పాలిపోతుంది, లేదా ఎక్కువై ముద్దవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పాట నాలుగు నిమిషాలనుకుంటే ఆరు పాటలు 24 నిమిషాలు, నాలుగు ట్రాకులకు 96 నిమిషాలు. మీ మోత మొత్తం అంతే. నెలల తరబడి సాయంత్రాల మీద పరుచుకున్న గుద్దు, రెండు మధ్యాహ్నాల్లో తలో ముప్పావు గంటగా ముగుస్తుంది. పెద్దావిడ ఇంట్లో లేని సమయం అడిగి తెలుసుకుంటే ఇంకా మంచిది. లేదా ఆ ఫైళ్లూ హెడ్డూ పట్టుకుని రిహార్సల్ గదికి వెళ్తే, అద్దె కూడా రెండు మూడు గంటలకే అవుతుంది.

ఇంట్లోనే చేస్తే గుద్దుని స్పీకర్‌కి చేరకముందే తుంచాలి. దీనివల్ల మీ టోన్‌కి నష్టం లేదు. మిక్స్ చేసేటప్పుడు గిటార్ ట్రాకుల్లో 80, 100 హెర్ట్జ్ కింద ఎలాగూ కోసేస్తారు, ఆ చోటు బేస్ గిటార్‌దీ కిక్ డ్రమ్‌దీ. తర్వాత చెత్తబుట్టలో వేయబోయే దాన్ని ముందు పెద్దావిడ మంచం మీదుగా పంపించడం ఎందుకు? ఎఫెక్ట్స్ లూప్‌లో గ్రాఫిక్ ఈక్యూ పెడల్ (ఒక్కో శ్రుతిని ఒక్కో స్లైడర్‌తో పెంచి తగ్గించేది) పెట్టండి. బాస్ జీఈ-7 లాంటి దాంట్లో అన్నిటికన్నా కింది స్లైడర్ 100 హెర్ట్జ్, దాన్ని 15 డెసిబెల్స్ దాకా దించొచ్చు. కొన్ని యాంపుల లూప్ లైన్ లెవెల్‌లో ఉంటుంది, పెడల్ చిట్లినట్టు వినబడితే కారణం అదే. యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్‌ని డ్రైవ్ సున్నాలో, లెవెల్ పూర్తిగా పెట్టి వాడండి. దాని క్లిప్పింగ్ విభాగం 720 హెర్ట్జ్ కింద లోస్‌ని తగ్గిస్తూ పోతుంది, పామ్ మ్యూట్ బురదలా కాకుండా బిగుతుగా వస్తుంది. అలాగే గెయిన్ మీకు బాగుందనిపించిన చోటు నుంచి కాస్త వెనక్కి తిప్పండి. నాలుగు ట్రాకులు కలిస్తే గెయిన్ కూడా కలుస్తుంది.

క్యాబ్‌ని ఉమ్మడి గోడకు వీలైనంత దూరంగా, మూలలకు తగలకుండా, నేలకు ఆనకుండా పెట్టండి. కింద మందపాటి ఫోమ్ వేస్తే అది కొంచెం నొక్కుకోవాలి, పూర్తిగా అణిగిపోతే ఉన్నా లేనట్టే. మైక్ విషయానికొస్తే ఎస్ఎమ్57 ఒక్కటి చాలు. టార్చ్ వేసి జాలి వెనక కోన్ ఎక్కడుందో చూసుకుని, మధ్యలోని గుండ్రటి టోపీ అంచుకు సూటిగా, జాలికి రెండు వేళ్ల దూరంలో పెట్టండి. మధ్యకు జరిపితే గీరుతుంది, బయటికి జరిపితే మందగిస్తుంది. ఒక్క సెంటీమీటరుకే తేడా వినబడుతుంది. టోన్ నచ్చకపోతే ముందు మైక్ కదపండి, నాబ్‌లు తర్వాత.

మూడో దారి ఐసొలేషన్ పెట్టె. ఒక స్పీకర్, ఒక మైక్ పట్టే బరువైన పెట్టె, దాని చుట్టూ తగలకుండా ఇంకో పెట్టె, మధ్య మినరల్ ఊల్. మిడ్స్ బాగా ఆగుతాయి, లోస్ అంతగా ఆగవు, మీ గొడవ లోస్‌తోనే. లోపలి చోటు ఇరుకైతే టోన్ కూడా డొల్లగా వస్తుంది. చేతిపని మీద ఇష్టముంటే చేయండి, ఈ ఆరు పాటలకు దాని అవసరం నాకు కనిపించడం లేదు.

యాంప్ అమ్మడం గురించి: ప్లగిన్లు తక్కువవేమీ కావు. వాటి టోన్ మీ చెవికి నచ్చి మారితే నిశ్చింతగా మారండి, గోడ కోసం మాత్రం అమ్మకండి. లోడ్ బాక్స్, రీయాంప్ బాక్స్ రెండూ సమకూరితే న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ హెడ్డునే పట్టి ఉంచుకోవచ్చు. కొన్ని నిమిషాల పరీక్ష సిగ్నల్‌ని యాంప్ గుండా పంపి రికార్డు చేస్తే, దాన్నుంచి మోడల్ తయారవుతుంది. ఆ తర్వాత అర్ధరాత్రి డీఐ రికార్డు చేస్తూ వినేది కూడా మీ యాంప్ టోనే.

నన్నడిగితే రాత్రులు డీఐ, పగలు రెండు రోజులు రీయాంపింగ్, ఇదే ముందు ప్రయత్నించమంటాను. అటూ ఇటూ కుదరకపోతే లోడ్ బాక్స్. ఎటు వెళ్లినా పెద్దావిడ తలుపు ఈసారి మీరు తట్టండి. "అమ్మా, మీరు చెప్పింది నిజమే, నేను తప్పుగా కొలిచాను" అని చెప్పి, ఒక్క పావుగంట ఆవిడ గదిలో ఉండి వినడానికి అనుమతి అడగండి. ఒక పామ్ మ్యూట్ రిఫ్‌ని రీయాంప్ బాక్స్ ద్వారా లూప్‌లో ఆడనిచ్చి, తమ్ముణ్ని ఈక్యూ పెడల్ దగ్గర కూర్చోబెట్టి, ఫోన్‌లో మాట్లాడుతూ ఆవిడ మంచం తలవైపు నిలబడండి. తమ్ముడు 100 హెర్ట్జ్ స్లైడర్‌ని కొద్దికొద్దిగా దించాలి. అది అడుగుకు చేరినా గుద్దు తెలుస్తుంటే మాస్టర్ తగ్గించాలి. ఇక తగలడం లేదని ఆవిడే అన్నప్పుడు ఆపి, స్లైడర్ పక్కనా మాస్టర్ నాబ్ పక్కనా చిన్న టేపు ముక్కలు అంటించమనండి.